కొత్త కారును తక్కువ తుడవండి

కారు బుక్ చేసిన రోజే షోరూమ్‌లో ఒక మాట చెప్పి పెట్టండి. డెలివరీకి ముందు కారు కడగొద్దు, తుడవొద్దు, పాలిష్ అసలే వద్దు, యార్డు నుంచి ఎలా వచ్చిందో అలాగే ఇవ్వండి అని. సేల్స్ అబ్బాయి వింతగా చూస్తాడు. దుమ్ము కారు ముందు ఫొటో దిగుతారా సార్ అంటాడు. దిగండి, ఏం కాదు. పండగ ముందు రోజుల్లో షోరూమ్ వెనక కార్లు కడిగే చోట ఎలా ఉంటుందో చూస్తే మీకే తెలుస్తుంది. డెలివరీకి వరసగా కార్లు నిలబడి ఉంటాయి. ఒకే బకెట్టు, ఒకే గుడ్డ అన్నింటి మీదా తిరుగుతుంది. కింద పడిన గుడ్డ మళ్లీ ఆ బకెట్లోకే వెళ్తుంది. చాలా కార్లకు మొదటి గీతలు పడేది అక్కడే.

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. కార్లకు పెయింటు కొట్టే బూత్‌లో పెయింటర్‌గా పని నేర్చుకుని, ఇప్పుడు పాలిషింగు, కోటింగు పనులు మాత్రమే చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే కొత్త కార్లలో ఎండకు పాడైనవి తక్కువ, తుడిచి తుడిచి పాడుచేసుకున్నవి ఎక్కువ. ఆ మధ్య ఒక మాస్టారు ఏడాది కూడా నిండని నల్ల కారు తెచ్చారు. ఎండలో పెడితే బానెట్టు నిండా సాలెగూడు అల్లినట్టు గీతలు.

"ఏమయ్యా, రోజూ పొద్దున్నే నా చేత్తో నేనే తుడుచుకుంటున్నా కదా, ఇన్ని గీతలెలా వచ్చాయి?" అన్నారు.

"రోజూ తుడుస్తున్నారు కాబట్టే మాస్టారూ" అన్నాను. ఆయనకు నచ్చలేదు గానీ, విషయం అదే.

రాత్రి కారు మీద వాలిన దుమ్ములో ఇసుక నలుసులుంటాయి. పొడిగుడ్డతోనో, షాపుల్లో అమ్మే పసుపు గుడ్డతోనో తుడిస్తే ఆ నలుసులు గుడ్డకూ పెయింటుకూ మధ్య చిక్కి, చెయ్యి తిరిగినంత మేరా గీసుకుంటూ పోతాయి. మా వైపు ఇబ్రహీంపట్నం, కొండపల్లి దగ్గర ఉండేవాళ్లకు థర్మల్ స్టేషన్ బూడిద కూడా తోడు. అది మెత్తగా పౌడరులా కనిపిస్తుంది గానీ, అందులో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. పెయింటు కన్నా చాలా గట్టివి. ఆ బూడిద పడిన కారును ఉత్త గుడ్డతో అస్సలు ముట్టుకోవద్దు.

పైపొర ఎంత మందం?

కారుకు మనం చూసే రంగు పైపొర కాదు. రేకు మీద ముందు తుప్పు పట్టకుండా ఈ-కోట్, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నింటికీ పైన రంగులేని క్లియర్ కోట్. ఈ పొరలన్నీ కలిపితే మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. తలవెంట్రుక మందం కూడా ఉండదు. మెరుపు దానిదే, ఎండలోని అల్ట్రావయొలెట్‌ను ఆపే మందు ఉండేదీ అందులోనే, గీతలు పడేదీ దాని మీదే. మెషిన్‌తో ఒకసారి పాలిష్ చేస్తే ఒకటి నుంచి మూడు మైక్రాన్ల దాకా అరుగుతుంది. ఊళ్లో 'రబ్బింగ్' అంటారే, ముతక కాంపౌండు పెట్టి ఉన్ని ప్యాడ్‌తో గట్టిగా తిప్పడం, దానికి ఇంకా ఎక్కువ పోతుంది. పోయింది తిరిగి రాదు. కారు కొన్న రెండో నెల నుంచీ సర్వీసు సెంటర్‌లో "రబ్బింగ్ పాలిష్ చేయించండి సార్, ఆఫర్ ఉంది" అంటుంటారు. ప్రతిసారీ సరేనంటే నాలుగైదేళ్లకు అంచుల దగ్గర రంగు బయటపడుతుంది.

ఇంకో మాట కూడా వింటుంటాం, కొత్త పెయింటు ఆరడానికి ఆరు నెలలు పడుతుంది, అప్పటిదాకా వాక్స్ వేయకూడదని. ఫ్యాక్టరీ పెయింటుకు అది వర్తించదు. అక్కడ క్లియర్ కోట్‌ను సుమారు 140 డిగ్రీల వేడిలో ఓవెన్‌లో ఉంచుతారు. కారు ఫ్యాక్టరీ గేటు దాటేలోపే పెయింటు పూర్తిగా గట్టిపడుతుంది. ఇంటికి వచ్చిన మొదటి వారమే వాక్స్ వేసినా, సిరామిక్ కోటింగ్ వేసినా దోషం లేదు. ఆగాల్సింది షెడ్డులో మళ్లీ పెయింటు వేయించినప్పుడు. దాని గురించి చివర్లో చెబుతాను.

డెలివరీ రోజు

కారు తీసుకునే ముందే యార్డుకు వెళ్లి చూడగలిగితే మంచిది. నీడలో ఫోన్ టార్చి వేసి బానెట్టు, డోర్లు, డిక్కీ పక్కనుంచి చూడండి. టార్చి వెలుగు చుట్టూ గుండ్రంగా సన్నగీతలు కనిపిస్తే ఎవరో తుడిచారని అర్థం. నిజానికి గీతలు అన్ని వైపులా ఉంటాయి, వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి గుండ్రంగా కనిపిస్తాయి. పెయింటు మందం కొలిచే గేజి ఉన్నవాళ్లను వెంట తీసుకెళ్తే ఇంకా మేలు. అన్ని ప్యానెళ్లూ 110, 120 చూపిస్తూ ఒక్క డోరు మాత్రం 250 చూపిస్తే, రవాణాలోనో యార్డులోనో దెబ్బ తగిలి ఆ డోరుకు మళ్లీ పెయింటు వేశారని అనుమానించాలి. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు గేజి పనిచేయదు, అక్కడ కళ్లే దిక్కు.

ఇక పూజ. ఇది మన దగ్గర తప్పనిది, తప్పించమని నేను చెప్పను. మా ఊళ్లో కొత్త బండి కొంటే దుర్గగుడికి తీసుకెళ్లాల్సిందే. కాకపోతే బొట్టు బానెట్టు మీద కాకుండా ముందు అద్దం మీద పైమూలన పెట్టమని పూజారిగారిని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. అద్దం మీద పసుపు, కుంకుమ, గంధం ఏది పెట్టినా కడిగితే పోతుంది. బానెట్టు మీద స్వస్తిక్ వేయాల్సిందేనని ఇంట్లో పెద్దావిడ పట్టుబడితే వేయనివ్వండి. పొడిగా వేలితో రుద్దకుండా, నీళ్లతో బాగా పలుచగా కలిపి తడిగా వేయమనండి, అదే సాయంత్రం నీళ్లు పోసి కడిగేయండి. శుభం కదా అని వారం రోజులు ఉంచేవాళ్లున్నారు. పసుపు మరక తెల్లకారు మీద భయపెడుతుంది గానీ, ఎండకు కొన్నాళ్లలో దానంతటదే వెలిసిపోతుంది. రంగులు కలిపిన బజారు కుంకుమ అలా పోదు, ముఖ్యంగా తెల్ల పెయింటు మీదా, నంబరు ప్లేటు చుట్టూ ఉండే ప్లాస్టిక్ మీదా.

టైర్ల కింద నిమ్మకాయలు పెయింటుకు ఏమీ చేయవు. కొబ్బరికాయ నేల మీద కొట్టి, నీళ్లు చిందితే వెంటనే మంచినీళ్లు పోయండి. అసలు జాగ్రత్త పడాల్సింది బంతిపూల దండతో. దానికి లోపల సన్న ఇనుప తీగ ఉంటుంది. గుడి నుంచి ఇంటిదాకా గాలికి అది బానెట్టు మీద కొట్టుకుంటూ వస్తుంది. పూజ అయ్యాక దండ తీసి డిక్కీలో పెట్టి బయల్దేరండి. రిబ్బన్లు అంటించిన టేపు జిగురును గోటితో గీకకుండా కొంచెం కొబ్బరినూనె రాసి పావుగంట ఆగితే మెత్తబడి వచ్చేస్తుంది.

నీళ్లు

షాంపూ ఏది కొనాలని అందరూ అడుగుతారు, నీళ్ల సంగతి ఎవరూ అడగరు. పెయింటు మీద తెల్లటి వలయాల్లా మచ్చలు పడేది నీళ్ల వల్లే. ఉప్పు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు, నీరు ఆవిరయ్యాక అక్కడే ఉండిపోతాయి. నల్లకారుకు, మధ్యాహ్నం ఎండలో అయితే, ఒక్కసారికే పట్టేస్తాయి. కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లవాళ్లు అదృష్టవంతులు. బోరు మీద ఆధారపడేవాళ్లు నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొని చూసుకోండి. తాగేనీటికి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది. బోరు నీళ్లు దానికి రెండింతలున్నాయంటే, కడగడం కన్నా ఆరబెట్టడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

ఆర్వో మెషిన్ బయటికి వదిలే నీళ్లు వృథా పోతున్నాయని కారుకు పట్టేవాళ్లున్నారు. మంచి ఉద్దేశమే, కానీ అందులో ఉప్పు మామూలు నీళ్ల కన్నా ఎక్కువ. దానికి బదులు ఏసీ పైపు కింద బకెట్టు పెట్టండి. అది గాలిలో తేమ చల్లబడి కారిన నీరు, ఉప్పు దాదాపు ఉండదు. మే నెలలో రాత్రంతా ఏసీ నడుస్తుంది కాబట్టి పొద్దుటికి నీళ్లు బాగానే చేరతాయి. పలుచని గుడ్డలో వడగట్టి, కడగడం అంతా బోరు నీళ్లతో చేసి చివర్లో ఇవి పోయండి.

కడిగే పద్ధతి

పొద్దున ఎనిమిదిలోపు, లేకపోతే ఎండ వాలాక. బానెట్టు మీద అరచెయ్యి పెడితే చల్లగా తగలాలి. అప్పుడే రోడ్డు మీద నుంచి వచ్చిన కారును ఒక అరగంట నిలబెట్టండి.

ముందు చక్రాలు. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి, రోడ్డు మీది తారు అక్కడే ఎక్కువ. వాటికి వేరే బ్రష్షు, వేరే గుడ్డ, వేరే బకెట్టు. చక్రాలకు వాడింది పొరపాటున కూడా బాడీ మీదికి రాకూడదు. ఆ తర్వాత బాడీకి ఉత్త నీళ్లు కొట్టండి, పైనుంచి కిందికి, ఎంత వీలైతే అంతసేపు. మొత్తం పనిలో ఇదే ముఖ్యం. చెయ్యి తగలకుండా ఎంత దుమ్ము వదిలితే అంత లాభం. ప్రెషర్ వాషర్ ఉంటే నాజిల్ పెయింటుకు కనీసం అడుగు దూరంలో ఉంచండి. స్టిక్కర్లు, రబ్బర్లు, రాయి తగిలి పెచ్చు లేచిన చోట్లకు గురిపెట్టొద్దు. వాషర్ లేనివాళ్లకు తోటకు నీళ్లు పట్టే పైపు చాలు.

ఫోమ్ కొట్టే సదుపాయం ఉంటే కొట్టి నాలుగైదు నిమిషాలు వదిలేయండి, ఆరనివ్వకుండా కడిగేయండి. వాటర్ వాష్ సెంటర్లలో ఫోమ్ కొట్టగానే దాని మీద స్పాంజి పెట్టి రుద్దేస్తారు. ఫోమ్ పని దుమ్మును నానబెట్టి జార్చడం. అది జారకముందే రుద్దితే ఫోమ్ కొట్టినా కొట్టకపోయినా ఒకటే.

ఇప్పుడు చేతితో కడగడం. రెండు బకెట్లు కావాలి. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. దొరికితే రెండింటి అడుగునా ప్లాస్టిక్ జల్లెడ పెట్టండి, ఇసుక కిందికి దిగిపోయి మళ్లీ పైకి రాదు. స్పాంజి వద్దు. దాని ముఖం చదునుగా ఉంటుంది, నలుసును పెయింటుకే అదిమిపెట్టి ఈడుస్తుంది. చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్ తీసుకోండి, పొడుగు పోగులున్నది. నలుసు ఆ పోగుల లోపలికి పోతుంది. షాంపూలో ముంచి ఒక ప్యానెల్ కడిగి, ఉత్త నీళ్ల బకెట్లో బాగా జాడించి, మళ్లీ షాంపూలో ముంచి తర్వాతి ప్యానెల్. ముందు పైకప్పు, ఆ తర్వాత అద్దాలు, బానెట్టు, డోర్ల పైసగం. డోర్ల కింది సగం, బంపర్లు చివర్లో. చెయ్యి నిలువుగానో అడ్డంగానో సూటిగా పోనివ్వండి, గుండ్రంగా తిప్పొద్దు. మిట్ బరువు చాలు, నొక్కే పనిలేదు. ఒక ప్యానెల్ అయిన వెంటనే నీళ్లు పోసేయండి, సబ్బు ఆరకూడదు.

షాంపూ అంటే కార్లకు అమ్మే పీహెచ్ న్యూట్రల్ షాంపూ, అంటే ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. బట్టల సర్ఫులో క్షారం ఎక్కువ. గిన్నెల లిక్విడ్ జిడ్డు వదిలించడానికే చేసింది కాబట్టి మీరు డబ్బు పెట్టి వేసుకున్న వాక్స్‌ను కూడా గిన్నె మీది నెయ్యిని వదిలించినట్టే వదిలిస్తుంది. తలస్నానం షాంపూ కూడా వద్దు. కారు షాంపూ సీసా ఒకటి ఇంటి కారుకు నెలల తరబడి వస్తుంది, అక్కడ పిసినారితనం అక్కర్లేదు.

ఆరబెట్టడం దగ్గర చాలామంది తొందరపడతారు. ముందుగా పైపుకున్న నాజిల్ తీసేసి, నీళ్లు ధారగా పైకప్పు నుంచి వదలండి. ఆ ధారతో పాటే చాలా చుక్కలు జారిపోతాయి. తర్వాత పెద్ద మైక్రోఫైబర్ టవల్ బానెట్టు మీద పరిచి, రెండు చివర్లూ పట్టుకుని మెల్లగా మీ వైపు లాగండి. అద్దినా సరే. పాత తువ్వాలు, లుంగీ ముక్క, బనీను గుడ్డ ఇవేవీ వద్దు. షమాయి లెదర్ అని అమ్మే పసుపు ప్లాస్టిక్ తొక్క లాంటిది కూడా వద్దు, దానికి పోగులుండవు కాబట్టి ఇసుక ఉంటే ఎక్కడికీ పోదు. ఇంట్లో ఆకులు ఊదే బ్లోవరుంటే అద్దాల సందులు, లైట్ల అంచులు, పెట్రోలు మూత దగ్గర నీళ్లు దాంతో తోలేయండి. డోర్లు తీసి అంచులు తుడవండి.

టవళ్లను విడిగా ఉతకండి. నూలు బట్టలతో కలిపి వేస్తే నూలు పోగులు పట్టుకుంటాయి. కంఫర్ట్ లాంటివి వేస్తే పోగులకు పూత పట్టి నీళ్లు పీల్చవు. నేల మీద పడిన టవల్ ఆ రోజుకు చక్రాల టవల్ అయిపోయినట్టే.

ఉప్పు మచ్చలు అప్పటికే పడి ఉంటే, తెల్ల వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి మెత్తని గుడ్డ తడిపి మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి, బాగా నీళ్లు పోసి కడగండి. నీడలోనే చేయాలి. రెండుసార్లకీ పోకపోతే అది పెయింటులోకి దిగిందని అర్థం, పాలిష్ తప్పదు.

పిట్టలు, చెట్లు, పురుగులు

పిట్ట రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. వేసవిలో వేడెక్కి మెత్తబడిన క్లియర్ కోట్ మీద అది పడి, సాయంత్రం చల్లబడేసరికి ఆ అచ్చు అలాగే ఉండిపోతుంది. చూసిన వెంటనే తీయాలి, గోకి కాదు. టిష్యూనో గుడ్డనో నీళ్లతో బాగా తడిపి దాని మీద వేసి పది నిమిషాలు వదిలేయండి, ఆ తర్వాత పైకి ఎత్తేయండి. నా కారులో దీనికోసం ఒక నీళ్ల సీసా, రెండు పాత మైక్రోఫైబర్ గుడ్డలు ఎప్పుడూ ఉంటాయి. నీడ కోసం రావిచెట్టు కింద కారు పెట్టడం కన్నా ఎండలో పెట్టడమే నయం. వేప, కానుగ చెట్ల కింద పెడితే ఆకుల మీది చిన్న పురుగులు వదిలే తీపి జిగురు సన్నగా కురిసి, దుమ్ముతో కలిసి గట్టిపడుతుంది. అదైనా రెండు రోజుల్లో కడిగితే పోతుంది. వానాకాలం రాత్రిపూట హైవే మీద వస్తే బంపరు నిండా పురుగులు. మర్నాడు పొద్దున్నే తడిపి నానబెట్టి కడగండి.

కవరు వేసే అలవాటుంటే ఒక్క మాట. దుమ్ము కారు మీద కవరు కప్పితే, గాలికి కవరు కదిలినంతసేపూ ఎవరో తుడుస్తున్నట్టే. కడిగిన కారు మీదే, గాలి తగలని చోటే కవరు వేయాలి.

క్లే, పాలిష్

కడిగి ఆరబెట్టాక చేతికి పలుచని ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్టు మీద మెల్లగా నిమరండి. గరగరలాడితే పెయింటులో ఏవో గుచ్చుకుని ఉన్నాయి. కొత్త కారుకు కూడా ఉంటాయి. లారీల మీదా, రైళ్ల మీదా వచ్చి, యార్డుల్లో వారాల తరబడి ఆరుబయట నిలబడిన కార్లే కదా ఇవన్నీ. తెల్లకారు మీద చిన్న చిన్న నారింజ చుక్కలు కనిపిస్తే అది కారు తుప్పు అనుకుని టెన్షన్ పడొద్దు. బయట నుంచి వచ్చి గుచ్చుకున్న ఇనుప రజను తుప్పు పడుతోందంతే. ఐరన్ రిమూవర్ కొడితే అది ఊదారంగుకు తిరిగి కరిగి కారిపోతుంది. వాసన మాత్రం భరించలేం, గాలి వచ్చే చోట కొట్టండి, ఆరనివ్వొద్దు.

అప్పటికీ గరగర పోకపోతే క్లే బార్, అంటే గుచ్చుకున్న మురికిని లాగేసే మెత్తని బంకమట్టి లాంటి ముద్ద. షాంపూ నీళ్లు గానీ, దానికోసం అమ్మే లూబ్రికెంట్ గానీ ధారాళంగా చల్లి, మెత్తని రకం క్లే ముక్కను వేళ్ల బరువుతో సూటిగా జార్చండి. మురికి కనపడగానే మడిచి కొత్త ముఖం తిప్పండి. కింద పడిందా, పారేయండి, ఎంత ఖరీదుదైనా. క్లే వల్ల సన్నగీతలు పడే అవకాశం ఉంది కాబట్టి, చేతికి నున్నగా తగిలే కొత్త కారుకు అసలు క్లే వాడొద్దు.

పాలిష్ సంగతీ అంతే. టార్చిలో గీతలు కనపడకపోతే చేయొద్దు. పాలిష్ అంటే పూత కాదు, అరగదీయడం. పైన రాసేది వాక్స్. మన దగ్గర రెండింటినీ పాలిష్ అనే అంటారు కాబట్టి, షాపువాడితో మాట్లాడేటప్పుడు "మెషిన్ పెట్టి అరగదీస్తారా, ఉత్తగా పైన రాస్తారా" అని విడమరిచి అడగండి.

గీతలుండి సొంతంగా చేసుకోవాలనుకుంటే డీఏ (డ్యూయల్ యాక్షన్) మెషిన్ తీసుకోండి. దాని ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, ఒకేచోట వేడి పుట్టదు. మా షెడ్లలో వాడే రోటరీ అయితే తెలియని చేతిలో నిమిషంలో అంచు కాల్చేస్తుంది. బానెట్టు అంచులు, డోర్ల మీది గీటు, నల్ల ప్లాస్టిక్ పట్టీలు అన్నింటికీ పెయింటర్ల టేపు వేయండి. ఒక మూల జానెడు చోటు తీసుకుని, అన్నింటికన్నా మెత్తని ఫోమ్ ప్యాడ్, అన్నింటికన్నా సన్న పాలిష్‌తో ముందు ప్రయత్నించండి. దాంతో పోతే ఇంకేం అక్కర్లేదు. పోకపోతేనే ఒక మెట్టు ముతకకు వెళ్లండి. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు. రెండడుగుల చదరం మాత్రమే ఒక్కోసారి. ముందు తక్కువ స్పీడులో పూసి, తర్వాత పెంచి, నిలువుగా ఒకసారి అడ్డంగా ఒకసారి, అలా రెండు విడతలు. చెయ్యి నెమ్మదిగా కదలాలి, మెషిన్ పరుగెత్తాలి. తుడిచి, టార్చి వేసి చూసి ముందుకెళ్లండి. గోరు తగిలితే ఆగేంత లోతు గీతల జోలికి పోవద్దు. అది పోయేలోపు క్లియర్ కోట్ పోతుంది. మ్యాట్ ఫినిష్ కారైతే మెషిన్, పాలిష్, వాక్స్ మూడూ నిషేధం.

పైన ఏం వేయాలి

బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా వాక్స్ మెరుపు నాకిష్టం. కానీ మన ఎండలకు రెండు నెలలు నిలిస్తే గొప్ప. చేత్తో రాసుకోవచ్చు, ఆదివారం కాలక్షేపం. పలుచగా రాయండి, మందంగా రాస్తే తుడవడానికే చేతులు పడిపోతాయి. సింథటిక్ సీలెంట్ నాలుగైదు నెలలు ఉంటుంది, స్ప్రే రకం అయితే కడిగిన ప్రతి రెండు మూడుసార్లకీ ఒకసారి కొట్టుకుంటే సరి. సొంతంగా చేసుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

షోరూమ్‌లో టెఫ్లాన్ కోటింగ్ అని ప్యాకేజీలో కలిపేస్తుంటారు. టెఫ్లాన్ కరిగేదే 327 డిగ్రీల దగ్గర. పెనానికి పట్టించినట్టు కారు పెయింటుకు దాన్ని పట్టించడం కుదరదు. సీసాలో టెఫ్లాన్ పొడి ఉన్నా, పనిచేసేది అందులోని వాక్సో సీలెంటో. ఆ పేరు మీద ఎక్కువ డబ్బు ఇవ్వొద్దు.

సిరామిక్ మంచిదే, మేము వేస్తాం కూడా. అందుకే దానిమీద చెప్పే అబద్ధాలు కూడా తెలుసు. 9హెచ్ అని రాసేది పెన్సిల్ పరీక్ష లెక్క, 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని. వజ్రానికి దగ్గర అని కాదు. పూత మందం ఒకటి రెండు మైక్రాన్లు. రాయి తగిలితే పెచ్చు లేస్తుంది, పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, ఉప్పు నీళ్లు ఎండితే మచ్చలు పడతాయి. అది చేసేదల్లా మురికి అంటుకోకుండా, కడగడం తేలికయ్యేలా చూడటం. రెట్ట పడితే తీయడానికి మీకు కొంచెం టైమ్ ఇస్తుంది. వేసే ముందు పెయింటు శుభ్రంగా, నూనె జాడ లేకుండా ఉండాలి, లేకపోతే కింద ఉన్న గీత, మురికి పూత లోపలే అలాగే ఉండిపోతాయి. వేశాక ఒకరోజు తడి తగలకూడదు, వారం దాకా షాంపూ వద్దు. ఇంట్లో వేసుకుంటే ఒక చిన్న చదరంలో రాసి, మెరుపు ఇంద్రధనుస్సులా మారగానే తుడిచేయాలి. ఆలస్యమైతే మరకలా గట్టిపడి, పాలిష్‌తో తప్ప పోదు. ఆ గుడ్డలను ఉతికి మళ్లీ వాడొద్దు, పోగుల్లో సిరామిక్ గట్టిపడి గీతలు పెడుతుంది.

రాళ్ల నుంచి నిజంగా కాపాడేది పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) ఒక్కటే. అది 150 నుంచి 200 మైక్రాన్ల పాలీయురేథేన్ ఫిల్మ్. అంటే కారు పెయింటు మొత్తం కన్నా మందం. సన్నగీతలు ఎండ వేడికి అవే మూసుకుంటాయి. ఖరీదు చాలా ఎక్కువ. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లు ముందు బంపరు, బానెట్టు, సైడ్ మిర్రర్ల వెనకభాగం వరకు వేయించుకుని, మిగతాదానికి సీలెంట్‌తో సరిపెట్టుకోవచ్చు. ఊళ్లోనే తిరిగే కారుకు మొత్తం పీపీఎఫ్ వేయించడం నాకు వ్యాపారం, మీకు దండగ.

అపార్ట్‌మెంట్లలో నెల జీతానికి రోజూ కార్లు తుడిచే అబ్బాయి ఉంటాడు కదా. అతన్ని మాన్పించక్కర్లేదు. లోపల మ్యాట్లు దులిపి, అద్దాలు తుడిచి, బయట పెయింటును మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి. జీతం తగ్గించకండి, తగ్గిస్తే మళ్లీ తుడవడం మొదలుపెడతాడు. నీళ్లు వాడనివ్వని సెల్లార్ అయితే తర్వాత నీళ్లు పోసి కడగక్కర్లేని రిన్స్‌లెస్ వాష్ ద్రావకం దొరుకుతుంది. సీసా మీద రాసిన కొలతలో బకెట్టు నీళ్లలో కలిపి, ముందు చల్లి నానబెట్టి, ఐదారు మైక్రోఫైబర్ గుడ్డలు మారుస్తూ తుడవాలి. మామూలు దుమ్ముకు సరిపోతుంది. బురద పట్టిన కారుకు వద్దు.

చివరగా, బంపరో డోరో గీసుకుని షెడ్డులో మళ్లీ పెయింటు వేయిస్తే, అది ఫ్యాక్టరీ ఓవెన్‌లో కాలిన పెయింటు కాదు. బూత్‌లో 60 డిగ్రీల దగ్గర కాసేపు వేడి చేస్తాం, మిగతాది గాలిలో కొన్ని వారాల పాటు మెల్లగా గట్టిపడుతుంది. పనిచేసిన పెయింటర్‌ను ఏ క్లియర్ వాడారో అడగండి, దాని తయారీదారు ఎన్ని రోజులు ఆగమన్నాడో అన్ని రోజులు ఆగండి. మామూలుగా నెల నుంచి మూడు నెలలు. ఈలోపు ఆ ప్యానెల్ మీద వాక్స్, సీలెంట్, సిరామిక్, పీపీఎఫ్ ఏదీ వేయొద్దు, కవరు కప్పొద్దు. నీళ్లు, పీహెచ్ న్యూట్రల్ షాంపూ చాలు.